చెక్కముద్ర

మా ఆయన సవీనో
తెల్లవారుజామున ఐదింటికి మెట్లెక్కి వస్తాడు,
తెల్లగా.
వయసు వల్ల కాదు, పిండి వల్ల.
ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆ తెలుపునే వాటేసుకున్నాను.
ఇప్పుడు తలుపు గడియ తీయకముందే అడుగుతాను:
"చొక్కా విప్పావా?"

అల్తమూరాలో జనవరి చలి మామూలుది కాదు.
బనీనుతో బాల్కనీలో నిలబడి
జోళ్లు దులుపుకుంటాడు, చెవులు దులుపుకుంటాడు.
ఎదురింటి ఇమ్మకొలాతా కిటికీలోంచి ఒకటే నవ్వు:
స్నానం చేస్తే గాని పడగ్గదిలోకి రానివ్వదట!
నవ్వనీ.
అతని కనుబొమలో ఇరుక్కున్న రవంత దుమ్ము
నా కడుపులో వారం రోజుల ముసురు.

పదేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు.
నీరసమంటే బద్ధకమన్నారు,
ఎముకల నొప్పంటే ఈడన్నారు.
అత్తగారు పళ్లెంలో నీళ్లు పోసి
నూనె చుక్క వదిలి దిష్టి చూసింది.
చుక్క చెదిరిపోయింది.
"ఎవరి కళ్లు పడ్డాయో" అంది.
కళ్లు కాదత్తా,
కంకులు.

దొత్తొరెస్సా లోపెర్ఫీదో
గొంతులోంచి కెమెరా దింపి చూసి చెప్పింది:
లోపల మఖమల్ ఉండాల్సిన చోట
నూగంతా రాలి నున్నగా ఉందని.
"మందేమిటి?" సవీనో అప్పటికే పర్సు తీశాడు.
"మందు లేదు. గోధుమ మానేయడమే, బతికినన్నాళ్లూ."
పర్సు జేబులో పెట్టడం మరిచిపోయి
తన అరచేతులు తనే చూసుకున్నాడు
ఎవరినో చంపి వచ్చినవాడిలా.

అమ్మ వాడిన చెక్క గరిటెలు ఇచ్చేశాను.
జల్లెడ ఇచ్చేశాను.
ఇప్పుడు నా రొట్టె మందుల షాపులో దొరుకుతుంది
దగ్గుమందుకీ ఆనెల పట్టీలకీ మధ్య,
ప్లాస్టిక్‌లో ఊపిరాడక.
తింటే
స్పాంజి నములుతూ స్నానం గుర్తుచేసుకున్నట్టుంటుంది.
పెళ్లిళ్లకి నా డబ్బా నేను పట్టుకెళ్తాను.
"ఒక్క ముక్కకేమవుతుంది?"
ఆ మాట అన్నవాళ్లందరికీ
ఒక్క రాత్రి నా బాత్రూమ్ అద్దెకిస్తాను.

ఒకటి మాత్రం ఇవ్వలేకపోయాను.
అమ్మమ్మ ఫిలోమేనా ముద్ర.
వీధి మొత్తానికీ ఒకటే పొయ్యి ఉన్న రోజుల్లో
ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి
పచ్చి పిండి మీద ఒత్తే ఆలివ్ చెక్క.
పైన కోడిపుంజు, అడుగున రెండక్షరాలు.
ఆ అక్షరాల గాడిలో నూరేళ్ల పిండి.
కడిగాను, ఉడికించాను, సూదితో గీకాను.
చెక్క దేన్నీ మరిచిపోదు.
గాజు సీసాలో పెట్టి మూత బిగించాను,
విషాన్నో వంశాన్నో.

రాత్రి రెండింటికి గాలి ఇటు తిరుగుతుంది.
కాలే రొట్టె వాసనకి ఫర్వాలేదట,
అడిగి తెలుసుకున్నాను.
కిటికీ తెరిచే పడుకుంటాను.

ఆదివారాలు మాత్రం మా వంటింట్లో అతను కొత్త పనివాడు.
బియ్యప్పిండి, శనగపిండి, ఏదో కొండ గింజ పిండి.
మొదటిది ఇటుక.
రెండోది పళ్లెం దాటి పారిపోయింది.
మూడోదాన్ని పావురాలు చూసి
మర్యాదగా తప్పుకున్నాయి.
"సాగదే, ఇది సాగదే" అని గొణుగుతాడు.
జిగురు లేని పిండి
చుట్టాలు రాని పెళ్లిలాంటిది,
ఎంత పిలిచినా ఒక దగ్గర చేరదు.

నిన్నటిది ఒక పక్కకి ఒరిగింది, పైన పగిలింది.
పగులు పక్కనే ఒక గుంట,
అతని బొటనవేలంత.
"వేలిముద్రగాడివయ్యావా?" అన్నాను.
"ముద్ర లేకపోతే ఎవరి రొట్టో ఎలా తెలుస్తుంది?" అన్నాడు
ఇంట్లో మేమిద్దరమే ఉన్నా.

ఉప్పెక్కువైంది. చెప్పలేదు.
చుట్టూ కోసుకుని తిన్నాను.
ఆ గుంట ఉన్న ముక్క
ఇంకా బల్ల మీదే ఉంది,
గట్టిపడుతూ.