ఉబ్బిన గీత, దిగిన గీత

ప్రకాశం బజార్ల మా కొట్టు మూడు గజాలు.
ఎదురుంగ ఇత్తడి సామాన్లు, పక్కన ఎండుచేపలు.
పుస్తెలు చేయించుకునేటోళ్లు షోరూములకు పోయినంక
మా తాత త్రాసు ఇప్పుడు చిల్లర తూస్తది.

వంకర బిళ్లకు లక్షలొస్తయని
ఫోన్ల ఎవడో చెప్పిండట.
షట్టర్ లేపకముందే
కొంగుముళ్లు, అగ్గిపెట్టెలు, జరదా డబ్బాలు
మెట్ల మీద కూసుంటయి.

రేటు తర్వాత. ముందు వెలుగుకు పట్టు.
గీత పైకి ఉబ్బిందా, లోపలికి దిగిందా?
ఉబ్బితే, పగిలింది అచ్చు.
టంకసాలల ఉక్కు నెర్రెవాస్తే
ఆ నెర్రెలకు లోహం పారి
బిళ్ల మీద సన్నటి గట్టు పోసుకుంటది.
దిగితే, ఏ మేకో తాళంచెవో
బజార్ల గీసింది.
చూపుకు రెండూ గీతలే.
బొటనవేలు అబద్ధమాడదు.

జానయ్య తెచ్చిన ఐదు రూపాయలు
జొన్నరొట్టె లెక్క సాగింది.
"అంచే పడలే చారీ, అచ్చు తప్పింది."
తూసిన. తొమ్మిది గ్రాములు, ఇసుమంత తేడా లేదు.
అంకెలన్నీ ఒక్క దిక్కుకే ఉరుకుతున్నయి.
"నడికుడి బండి కింద పెట్టినవా?"
శానసేపు మాట్లాడలే.
ఐదో తరగతిల, పట్టాల మీద, తానే పెట్టిండు.
పెట్టింది మర్చిపోయి
అదృష్టమని ముప్పై ఏండ్లు దాచిండు.

ఇంకొకడు, పేరు చెప్పలే,
రెండు దిక్కులా సింహాలే అన్నడు,
ఒకటి సక్కగ, ఒకటి అద్దంల లెక్క.
భూతద్దం పెట్టిన.
తిరగబడ్డ సింహాల కింద
నలిగిన ఐదంకె ఇంకా ఊపిరి పీలుస్తున్నది.
రెండు బిళ్లలు పట్టకారుల ఇరికిచ్చి
సుత్తెతో కొట్టిన కత.
అసలైన దాని కింద ఇంకో ముఖముండదు బిడ్డా,
దానికి అద్దమే ముఖం.

ఈ లెక్క నేర్పింది మా నాయిన.
మర్రిగూడ బోరు నీళ్లు తాగి తాగి
మోకాళ్లు విల్లులైనయి.
క్యాంపుల కొత్త డాక్టరు అడిగిండు,
"పుట్టుకతోనేనా?"
నగిషీ చెక్కినోడు కదా, తడుముకోలే.
"కాదు సారూ. అచ్చు సక్కనిదే పడ్డది.
దెబ్బ తర్వాతది."
డాక్టరు ఏం రాసుకున్నడో నాకు కనపడలే.

పొద్దుగూకినంక వచ్చింది ఈదమ్మ,
కట్టంగూరు నుంచి, ఆఖరి బస్సుకు టైం చూసుకుంట.
ముడి విప్పితే
ఎలుక కొరికినట్టు ఒక దిక్కు నెలవంక.
సంవత్సరం కింద చుక్క: పట్నంల పుట్టింది.
ఎనిమిదిన్నర గ్రాములు.
కత్తెరతోని కోసిందైతే
కోసిన కాడనే అంచు తెగుతది, మిగిలిన గట్టు నిమ్మళం.
ఇది అట్ల లేదు.
కొరుకుడుకు సరిగ్గా ఎదురుంగ
అవతలి గట్టు కూడా చిక్కిపోయింది.
ఇటు ఆనుకునే లోహం లేకపోతే
అటు ఒత్తిడి పడదమ్మా, అందుకని.
నా మాట పూర్తికాకముందే
ఆమె తల ఊపింది.
"గట్లనే ఉంటది" అన్నది.

"అయితే ఇది మంచి బిళ్లనా, తప్పు బిళ్లనా?"
అసలైన తప్పు అన్న.
కొనేటోడు దొరికితే వెయ్యి, లేదంటే ఎనిమిదొందలు.
లక్ష మాట మరిచిపో.
"ఛాయ్ బండోడు మూడుసార్లు వాపసిచ్చిండు దీన్ని"
అని నవ్వి, మళ్ల ముడేసింది.

పోతూ పోతూ
ఇంకో కొంగు నుంచి ఇంకో ఐదు తీసింది.
"దీన్ని గూడ చూడు."
చూసిన. ఆ పక్క, ఈ పక్క, అంచు,
ఎంత తిప్పినా ఏం లేదు.
"దీంట్ల ఏ తప్పూ లేదమ్మా."
"అయితే ఐదు రూపాయలే" అని
నా త్రాసుల వేసి
బస్సు కోసం ఉరికింది.