ఎనిమిదో కాంటా

ఎనుమాముల యార్డుల రాత్రి రెండు.
కెర్నల్ కంపైలైతనే ఉన్నది,
గానుగెద్దు తిరిగినట్టు.
రజబలి తెచ్చిన చాయ్‌ల గూడ
మిర్చి ఘాటే.

ఎనిమిది కాంటాలకు ఒక్క సీరియల్ కార్డు.
పొద్దటిసంది దాని మొకమే ఎరుగనంటది మిషను.
విప్పి చూస్తే,
మోడెమూ ఇదీ
ఒక్క ఇంటరప్టు కోసం గుంజులాట.
జంపర్ టోపీ గోటితోని పీకిన,
ఐదు మీదికెల్లి పది మీద పెడ్దామని.
తుమ్మొచ్చింది.
టోపీ ఎటో పడ్డది.
బస్తాల సందుల టార్చేసి
ముగ్గురం దేవులాడినం.

తెల్లారుజామున డ్రైవర్ ఎక్కింది.
ఏడు కాంటాలు సున్నా అన్నయి.
ఎనిమిదోది మాత్రం పూనకమొచ్చినట్టు
గీతలు, చుక్కలు, సగం సగం అక్షరాలు.
ముసలి కాంటా,
తొమ్మిదివేల ఆరొందల వేగం దానికేడిది?
రెండువేల నాలుగొందలకు దిగి
దాని తీరుగ నేనే మెల్లగ విన్న.

“ఏదన్న బరువు పెట్టుండ్రి” అంటే
హమాలి ఓదెలు రుమాలు దులిపి
తనే ఎక్కి నిలబడ్డడు.
ముప్పై ఏండ్లసంది మోసుడే,
తూగుడు ఇదే మొదలు.

తెర మీద నలభై ఏడు.

ఓదెలు దిగలే.
“తరుగు తీసినంకనా సారూ,
తియ్యకముందా?”