సరుకు: వడ్లు

మిర్యాలగూడ రైస్‌మిల్లు కాంటా మీద,
ధాన్యం లారీల నడుమ
రెండే సీట్ల నా ఎర్ర బండి.
జానిమియా చీటీ కొట్టిండు:
సరుకు: వడ్లు. తొమ్మిదొందల అరవై కిలోలు.
ఆ మిషిన్ల వేరే సరుకు పేరే లేదట.

రేకుల షెడ్డు కింద విప్పుడు షురూ జేసిన.
స్టెప్నీ, ఏసీ, పాటల డబ్బా, తలుపుల లోపలి అట్టలు.
అడుగున తారు పొర ఊడకపాయె.
చాపల మార్కెట్ల ఐసు తెచ్చి పరిచి
బిగుసుకున్నంక సుత్తెతోని పలగ్గొట్టిన.
కార్పెట్ కింద ఎవరిదో సైడుపిన్ను.
పావు తులం లేదు,
పారెయ్య బుద్ధి కాలే.

ఇగ నెల దినాలు
దొరికిన ప్రతి పట్టీకి బొక్కలు.
ఆ రజను చాటలకెత్తి అనసూయ
"గింతేనా?" అన్నది.

మళ్ళా కాంటా. ఎనిమిదొందల అరవై.
"పది కిలోల లోపుది దీనికి కనవడది" అన్నడు జానిమియా.
నా బొక్కలన్నీ
ఆ పదిలోపల్నే పోయినయ్.

సాగర్ రోడ్డు. అడుగు రేకుకు తగిలే కంకరంతా
ఇప్పుడు గట్టిగ మాట్లాడుతున్నది.
నిడమనూరు కాడ వాన,
కాళ్ల మీదికే నీళ్లు.

జేబుల రెండు చీటీలు నానుతున్నయ్.
నూరు కిలోల వడ్లు
యాడ ఒలకవోసినవని ఎవరన్న అడిగితే
ఏం జెప్పాలె?