వదిలేసిన నలుపు

దెజెర్తిర్ బజారులో చేపల వరసకి
ధరల బోర్డులు రాసేది నేనే.
అక్షరానికి ఇంత అని.
బొమ్మ కూడా కావాలంటే ఒక చేప అదనం.

నీకిష్టమైన చిత్రకారుడెవరని
ఇక్కడ నన్నెవరూ అడగరు.
నిన్న ఒతియా అడిగాడు,
పొలుసులు గీరుతూ, తలెత్తకుండా,
ఊసుపోక.

వెంటనే చెప్పలేకపోయాను.

ముందు రెంబ్రాంట్ గుర్తొచ్చాడు.
పళ్ళ డాక్టరు గోడ మీద, పాత క్యాలెండర్లో,
తనకి తనే వేసుకున్న ముసలి ముఖం.
అప్పులు ఇల్లంతా ఊడ్చుకుపోయాక కూడా
అద్దం ముందు కూర్చుని
ఉబ్బిన ముక్కుని ఉబ్బినట్టే దించాడు,
నయాపైసా తగ్గింపు లేకుండా.
నా పన్ను పీకుతున్నంతసేపూ
ఆ ముక్కుని పట్టుకునే వేలాడాను.

తర్వాత సెజాన్. ఆయన ఆపిల్ పళ్ళు
బల్ల మీంచి దొర్లిపడతాయేమోనని
మా త్సియాలా ఒకసారి
పుస్తకం కింద అరచెయ్యి పట్టింది.
"తినడానికి పనికిరావు కానీ, బరువున్నాయి" అంది.
ముప్పై ఏళ్ళుగా ఆపిల్స్ అమ్ముతున్న మనిషి,
కాటా లేకుండా తూకం చెప్పగలదు.
అంతకు మించిన విమర్శ నేనెక్కడా చదవలేదు.

హొకుసాయ్ కూడా నాలుక చివరిదాకా వచ్చాడు.
డెబ్బై ఏళ్ళ లోపు గీసిందేదీ
లెక్కలోకి రాదన్నాడట.
నాకు యాభై మూడు.
ఆ మాటని పింఛను కాగితంలా మడిచి దాచుకున్నాను,
చెయ్యి మరీ మొరాయించిన రోజున
విప్పి చదువుకుంటాను.

కానీ ఒతియాకి చెప్పింది పిరోస్మానీ పేరు.

"మన నికాలానా!" అన్నాడు, పక్కింటివాణ్ణి తల్చుకున్నట్టు.
"వైను దుకాణాల్లో బొమ్మలేసి
అక్కడే భోంచేసేవాడు కదా."

ఆయనే. కానీ అందుకు కాదు.
తిండికి బొమ్మలెయ్యడం గొప్పా కాదు, తప్పూ కాదు,
నేనూ వేస్తున్నాను,
ఒంటినిండా నీచువాసనతో ఇల్లు చేరుతున్నాను.
నాకిష్టం ఆ నలుపు.

నల్ల మైనపుగుడ్డ మీద వేసేవాడు.
నల్లగా ఉండాల్సిన చోట
కుంచె పెట్టకుండా వదిలేసేవాడు.
రంగు ఖర్చు కలిసొస్తుందనుకున్నాడేమో, ఎవరికి తెలుసు.
జిరాఫీ ముందు నిలబడితే మాత్రం
ఖర్చుల లెక్క గుర్తుకు రాదు.
ఆయన జిరాఫీని చూశాడో లేదో,
అది మాత్రం మనల్ని చూస్తుంది,
మనిషిని చూడ్డం ఇదే మొదటిసారన్నట్టు.

కాలేజీలో మ్జెకాలా టీచరు
కాన్వాసులో ఖాళీ కనబడితే
వేలితో పొడిచేది. నింపు, నింపు, నింపు.
అలాగే నింపాను ఇరవై ఏళ్ళు.

వాఖుష్తి పోయాక ఆయన బొమ్మ ఏడుసార్లు వేశాను.
ముఖం ఎలాగో వచ్చేది, కోటు రాలేదు.
ఎంత నలుపు పూస్తే అంత
రేకు డబ్బాలా తయారయ్యేది.
ఎనిమిదోసారి డబ్బుల్లేక
తుక్కుకింద పోయే బస్సు సీటు రెక్సిన్ కోసి తెచ్చాను.
ముఖం వేశాను. ఒక చెయ్యి.
పైనుంచి రెండో బొత్తాం, ఊడిపోబోతున్నది.
అక్కడితో ఆపి, భయపడుతూ వెనక్కి జరిగాను.
కోటు ఉంది.
నేను రాకముందు నుంచీ అక్కడే ఉన్నట్టుంది.

ఇదంతా విని ఒతియా
కత్తిని ఆప్రాన్‌కి తుడుచుకున్నాడు.
"అది సరే, నువ్వేసిన చేప కొనేవాళ్ళని గుడ్లురిమి చూస్తోంది.
కన్ను కాస్త మూయరాదూ?"
చేపకి రెప్పలుండవన్నాను.
"నాకు చెబుతున్నావా?" అన్నాడు.

బజారు పిల్లి వచ్చి బోర్డుని వాసన చూసింది.
మోసపోలేదు. తోక ఎత్తుకుని పోయింది.

సాయంత్రం కొట్టు కడుగుతూ
కాగితంలో రెండు ట్రౌట్లు చుట్టిచ్చాడు.
ఒప్పందం ఒకటే కదా అన్నాను.
"ఒకటి నీకు, ఒకటి నికాలాకి."

మెట్రో మూడు స్టేషన్లూ
ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
ఇంటికొచ్చి
రెండూ నేనే తిన్నాను.