వెనక ఎవరున్నారు?

అమలాపురం ఆఫీసులో నాలుగు కుర్చీలు.
నాలుగోదానికి అల్లిక తెగి
కూచున్న మనిషి కొంచెం లోపలికి దిగిపోతుంది.
నన్నందులో కూచోమన్నారు.

కులం పత్రం, ఆధారు, కరెంటు బిల్లు,
పీచు మిషను రసీదు, పాసుబుక్కు మొదటి పేజీ,
అన్నీ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండేసి తెచ్చాను.
అంబాజీపేట బస్సు కారుతుంది కదా, వానాకాలం.
నా వెనక వరసలో ఎవరో అన్నారు,
"మీకేంటమ్మా, గవర్నమెంటే కొమ్ములిచ్చింది."

"డోరు నంబరు లేదేంటి?"
కాలవ గట్టు మీద పేట సార్ మాది.
మొన్నే మీ పక్క సెక్షను వాళ్లొచ్చి
గోడ మీద ఎర్ర రంగుతో ఆక్రమణ అని రాసి
కింద ఒక నంబరేశారు.
అదేసుకోండి.

"పేరు కరుణమ్మ అంటున్నావు. ఆదివారం ఎటెళ్తావు?"
డొక్కలు నానేసిన గుంట దగ్గరకి సార్.
కుళ్లిన పీచు వాసనది ఏ మతమో
ఇంతవరకూ ఎవరూ పత్రం ఇవ్వలేదు.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని,
"సరే. యాజమాన్యం నూటికి నూరూ నీదే అని రాశావు.
నీ వెనక ఎవరున్నారు?"

ఈ ప్రశ్నకి మా నాన్న దగ్గర జవాబుండేది,
చెప్పకూడని జవాబు.
నేలపూడి సూర్రావు, ఐదో తరగతి కంట్రాక్టరు,
కాగితం మీద.
మిల్లు ఆసామి గుమస్తా
మూడు రాత్రులు చెయ్యి పట్టి సంతకం దిద్దించాడు.
ఆయన పేరున కల్వర్టు లేచింది.
దానికి ఇసక మోసిందీ ఆయనే, దినకూలికి.
బిల్లు పాసైన రోజు ఇంటికి ఒక బస్తా నూకలొచ్చాయి.
వరదకి కల్వర్టు విరిగినప్పుడు మాత్రం
బ్లాకులిస్టులో పేరు అచ్చంగా నాన్నదే,
వాటాదారులెవరూ లేరు.

రాతి పలక ఇంకా ఉంది, సగం గడ్డిలో.
గుత్తేదారు: ఎన్. సూర్రావు.
బడికి వెళ్లకముందు
నేను వేలితో దిద్దిన అక్షరాలవి.

కిందటి నెల ఆ గుమస్తా కొడుకు కారులో వచ్చాడు.
"మీకు ధరావతు మాఫీ అట కదా.
సంతకం నీది, పని మాది, నూటికి రెండు నీకు."
టీ ఇచ్చాను. తాగలేదు. ఈగ తాగింది.
ఆ రెండు, అబద్ధమెందుకు,
నా ఆర్నెల్ల తాడు కంటే ఎక్కువే.
రాత్రి లెక్కేశాను.
మళ్లీ లేచి, దీపం వెలిగించి, ఇంకోసారి వేశాను.

"చెప్పమ్మా, వెనక ఎవరు?"

వెనక కాలవ ఉంది సార్.
ముందు రోడ్డుంది.
మధ్యలో మిషనూ నేనూ,
పీచు దులిపి దులిపి దగ్గు పట్టిన పదకొండు మంది ఆడవాళ్లూ.
వచ్చి చూసుకోండి.

వచ్చారు. ఆన్ చెయ్యమన్నారు. చేశాను.
బెల్టు జారితే రాయితో కొట్టి ఎక్కించాను.
అది చూసి, ఏం అడక్కుండా, పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

ఇరవై మూడో రోజున పత్రం వచ్చింది.
మూడు ముద్రలు, ఒక ఆకుపచ్చ సంతకం,
నేలపూడి కరణమ్మ.

పదకొండు మందీ పడీపడీ నవ్వారు.
తరతరాలుగా ఊరి కరణాలు
మా పేట లెక్క రాయలేదు,
ఒక్క కొమ్ము ఊడేసరికి నేనే కరణమ్మనయ్యాను.
నీలం పెన్నుతో నేనే పెట్టుకుంటే చెల్లదట.
మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఆ నాలుగో కుర్చీ.

శుక్రవారం అయిదింటికి టెండరు మూసేస్తారు.
గట్టు జారకుండా పరిచే పీచు చాపలు,
ఏడో కిలోమీటరు నించి తొమ్మిది దాకా.
మా ఇల్లు ఎనిమిది మీద ఉంది.

రేపు మొదటి బస్సుకే వెళ్తాను,
కొమ్ము తెచ్చుకోడానికి.