ఆయ్

మొరికావా గారు వస్తున్నారని
వారం ముందునుంచే మా రొయ్యల ఫ్యాక్టరీలో
వంగడం నేర్చుకున్నాం.
విశాఖ నుంచి వచ్చిన దుబాసీ పిల్ల హిమజ
స్కేలు పట్టుకుని మరీ చూపించింది.
తోటివాడికి ఇంత, కొనేవాడికి ఇంత,
తప్పు చేసిన రోజున ఇంకాస్త.
మా పతిరాజు గారి నడుం పదిహేను డిగ్రీల దగ్గరే మొరాయించింది.

కార్డు రెండు చేతులా అందుకోవాలి.
చదవాలి. చదివినట్టు కనపడాలి.
వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే
ఆ మనిషి మీద కూర్చున్నట్టేనట.
భీమవరంలో అచ్చేయించాను నా కార్డులు.
వెనకవైపు వాళ్ళ లిపిలో నా పేరు,
అది నేనో కాదో నాకు తెలీదు.

పెద్దల కుర్చీ తలుపుకి దూరంగా ఉండాలంది.
మాకేమో ఏసీ తలుపు నెత్తినే ఉంది.
ఏసీని జరపలేక
ఆ తలుపుకి మేకులు కొట్టి
స్టోరురూము వైపు దారి తీశాం.

"హాయ్ అంటే అవునని కాదండి,
వింటున్నాను అని, అంతే."
గదంతా ఘొల్లుమంది.
ఈ ముక్క మాకా చెప్పడం!
ఆకివీడు నుంచి అంతర్వేది దాకా
బాకీ ఎప్పుడిస్తావంటే ఆయ్,
కరెంటు ఎప్పుడొస్తుందంటే ఆయ్.
చూద్దాం లెండి అంటే చూడరని,
మీ ఇష్టమండి అంటే ఇష్టం లేదని
ఎవరు నేర్పారు మాకు?

వచ్చాడు. సన్నటి మనిషి.
శాంపిల్ ట్రేలో మంచు కరిగేదాకా మాట్లాడలేదు.
ఒక్కో రొయ్యనీ వెలుతురుకి ఎత్తి చూశాడు.
"చోత్తో..." అని ఆగిపోయాడు.
మిగతా వాక్యం మేమే పూరించుకోవాలట.
పతిరాజు గారు ఆ ఖాళీలో
కిలోకి పది రూపాయలు పోసేశారు.

ఈ ట్రే ఎవరు వలిచారని అడిగాడు.
నలభై ఒకటో నంబరు.
తిరుమాని నూకరత్నం,
తెల్లారి నాలుగింటి నుంచి ఐసు నీళ్ళలో నించున్న మనిషి,
గమ్‌బూట్లతో, ఉద్యోగం ఊడిందన్న మొహంతో వచ్చింది.
ఆయన వంగాడు.
మాకు వంగినదానికన్నా ఎక్కువో తక్కువో,
స్కేలు ఆఫీసులో ఉండిపోయింది.
కార్డు రెండు చేతులా చాచాడు.

ఆవిడకెవరూ ఏదీ నేర్పలేదు.
నానిపోయి తెల్లబడ్డ వేళ్ళు,
కార్డు తడుస్తుందని
రెండు చేతుల గోళ్ళతోనే అంచులు పట్టుకుంది.
బదులివ్వడానికి ఏమీ లేక
మెళ్ళో టోకెను తీసి ఇచ్చింది.

మీటింగు అయ్యేదాకా
ఆయన ముందు బల్లమీద, వరసలో,
పతిరాజు గారి బంగారు అంచు కార్డు,
నా కార్డు,
మొదటగా నలభై ఒకటి.
వెళ్ళేటప్పుడు అన్నీ ఒకే తోలుపెట్టెలో సర్దుకున్నాడు.

సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు,
టోకెను లేందే బయటికి పంపనని.
ఆవిడ కార్డు చూపించింది.
వాడు తిరగేసి మరగేసి నాకు ఫోన్ చేశాడు.

రిజిస్టరు రాసేది నేనే కదా.
పోయిన టోకెనుకి ఇరవై రూపాయలు
శనివారం కూలిలో పట్టుకుంటామని చెప్పాను.

ఆయ్, అంది.