చిత్తు ప్రతి

ఓడ ఇంకా కాగితం మీదే ఉంది.
తుర్కులో సున్నాకి ఇరవై రెండు మెట్లు కిందన చలి.
అవురా నది గడ్డకట్టింది, దాని మీద ఎవరో కుక్కని నడిపిస్తున్నారు.
మా గదిలో మాత్రం మంచు
ఓడ పక్కటెముకల్ని ఇంకా నొక్కలేదు.
లెక్క తేలితే గదా నొక్కేది.

నలభై లక్షల తెలియని రాశులు.
సోమవారం మొదలెడితే గురువారం దాకా
తెర మీద ఒకటే గీత, పాకుతూ.
కొత్త ప్రాసెసర్లు కొన్నాం, ముప్పై రెండు కోర్లు.
గీత అలాగే పాకింది.
తప్పు వలదేనన్నారు, గళ్ళు మరీ సన్నమన్నారు.
వెడల్పు చేశాను.
నలభై ఒకటో పక్కటెముక దగ్గర వెల్డింగు అతుకు
తడిసిన సిరాలా అలుక్కుపోయింది.
జవాబు తొందరగానే వచ్చింది. నేనే నమ్మలేదు.

అప్పుడొచ్చాడు వెయిక్కో,
పదవీ విరమణకి పదకొండు వారాల దూరంలో ఉన్న మనిషి.
తెర వంక చూడనైనా లేదు.
ఉన్ని టోపీ తీసి, పెట్టెకి చెవి ఆనించి
చాలాసేపు విన్నాడు.
"గర గర. గర గర. విను, రైలీ.
సౌనాలో ముప్పై రెండు మంది,
నీళ్ళు మోసేవాడు ఒక్కడు,
వాడి బక్కెట్టుకి చిల్లు."

నిజమే. మెమరీలో పట్టని మాత్రికంతా
ఒకే ఒక్క పాత డిస్కు మీదికి ఒలికిపోతోంది.
దాని ముల్లు ఈ అంచుకీ ఆ అంచుకీ
కాళ్ళరిగేలా తిరుగుతోంది.
ఆపరేటింగ్ సిస్టమూ అక్కడే, నా పాత ఫలితాలూ అక్కడే,
ఎవరివో క్రిస్మస్ ఫోటోలు కూడా.

రెండు కొత్తవి తెచ్చాడు,
చాక్లెట్ బిళ్ళలంత, తిరిగే చక్రాలు లేనివి.
ప్రతి ముక్కా సగం దీనికి, సగం దానికి
పంచేలా జోడు కట్టాడు.
"ఒకటి పోతే?"
"రెండూ పోయినట్టే."
"మరి?"
"చిత్తు కాగితానికి నకలు ఎవరు తీస్తారమ్మా?
సాపు ప్రతిని వేరే చోట, రెండేసి కాపీలుగా, నిదానంగా దాచుకో.
పోతే పోనీ అనుకున్నదే పరిగెడుతుంది."
డిస్కుల గురించే అన్నాడు ఆ మాట,
ముక్కు తుడుచుకుంటూ.

గళ్ళు మళ్ళీ సన్నం చేశాను.
రాత్రి పదకొండున్నరకి
నలభై ఒకటో పక్కటెముక ఎర్రబడింది,
అతుకు మొదట్లో, గోరంత మేర.
ఇన్నాళ్ళూ అక్కడే ఉంది కాబోలు.
చిత్తు ఫైళ్ళు వాటంతటవే చెరిగిపోయాయి,
మూడు వందల గిగాబైట్లు.

పెట్టెకి చెవి ఆనించాను.
ఏమీ వినబడలేదు.
ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.